సారె ముట్టని కుండ

దసరా సెలవుల్లో హైదరాబాదు వెళ్ళి చార్మినారు ఎక్కకుండా, గోల్కొండ చూడకుండా తిరిగొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా గుడివాడలో నా మీద జాలిపడని ఇల్లు లేదు. "ఇంతకీ ఏం చూసొచ్చావమ్మా?" అని అడిగినవాళ్ళకు "కుండలు" అని చెబుతున్నాను. నవ్వుతున్నారు. నవ్వుకోండి. నవ్వడం అయిపోయాక ఇది చదవండి.

నేను ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెబుతాను. మా పాఠ్యపుస్తకంలో చరిత్ర రాజులతో మొదలవుతుంది. రాజులకు ముందు ఎవరున్నారయ్యా అంటే, అనాగరికులు రాళ్ళు పుచ్చుకు తిరిగేవారని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. పదిహేనేళ్ళుగా ఆ ముక్క చదివి వినిపిస్తున్నాను, పదిహేనేళ్ళుగా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. తెలంగాణా, మనమూ ఒక రాష్ట్రమైన మరుసటి ఏడు, సంగారెడ్డికి అవతల ఒక పల్లెలో రాజులకు ముందుకాలపు వస్తువులన్నీ పెట్టిన చిన్న మ్యూజియం ఉందని విన్నాను. చూసొస్తానంటే మా హెడ్‌మిస్ట్రెస్ "పగిలిన పెంకుల కోసం రైలెక్కడం ఏమిటండీ, మా పెరట్లో బోలెడున్నాయి" అన్నది. ఆ సాయంత్రమే టిక్కెట్టు కొన్నాను. ఆ పల్లె పేరు మాత్రం ఇందులో రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

పటాన్‌చెరు దాకా

హైదరాబాదులో దిగి బొంబాయి రోడ్డు మీద పోయే బస్సెక్కాను. చార్మినారు ఎటువైపు ఉందని కూడా అడగలేదు.

పటాన్‌చెరులో బస్సు కాసేపు ఆగింది. చెరువు గట్టు కింద సీతాఫలాల గంపలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. మా వైపు సీతాఫలం అంటే పెరట్లో చెట్టు మీద పిట్టలు తినగా మిగిలింది. ఇక్కడ ఒక్కోటి చిన్నపిల్ల తలకాయంత ఉంది. నా దగ్గర కొత్త నయాపైసలున్నాయి. కండక్టరు నాకు చిల్లరగా నైజాం కాలపు నాణేలు ఇచ్చాడు. పళ్ళావిడ రెండింటినీ వేలితో పక్కకు నెట్టి, అణాలుంటే తియ్యమన్నది. రెండు రకాల డబ్బు చేతిలో పెట్టుకుని పళ్ళు కొనలేని దాన్ని అయిపోయాను. పక్క సీట్లో రూమీ టోపీ పెట్టుకున్న పెద్దాయన నవ్వి, తన సంచిలోంచి రెండు పళ్ళు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"తినండమ్మా. మీది ఆంధ్రానా? మాట్లాడితే పాట పాడినట్టున్నది" అన్నాడు.

నా పాఠానికి పిల్లలు నిద్రపోయేది అందుకేనేమో అన్నాను. గింజలు ఉమ్మడానికి కిటికీ పక్క సీటు కూడా నాకే ఇచ్చాడు.

ఇస్నాపూర్‌లో ఆగిన బస్సు

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వచ్చేసరికి బస్సు ముందు నుంచి పొగ వచ్చింది. డ్రైవరు దిగి, మూత తీసి, చెయ్యి కాల్చుకుని, బస్సును తిట్టాడు. సంగారెడ్డి నుంచి ఏదో సామాను వస్తే గాని కదలదని, అది తెల్లవారాక గాని రాదని తేలింది. మగవాళ్ళు నడుచుకుంటూ పోయారు. నేను నీళ్ళ కోసం రోడ్డు పక్కనున్న మొదటి ఇంటి తలుపు కొట్టాను.

అది కుమ్మరి ఇల్లు. పెరట్లో గడ్డి మీద కుండలు బోర్లించి ఉన్నాయి. తలుపు తీసినావిడ పేరు సంగమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇద్దరు ఆడపిల్లలు. భర్త పోయిన వానాకాలంలో జ్వరంతో పోయాడు. ఇదంతా నేను చెంబెడు నీళ్ళు తాగేలోపల చెప్పేసింది. నేను పంతులమ్మనని చెప్పాను.

"మా ఇంట్ల తింటవా పంతులమ్మా? కులం గిట్ల అడుగుతవా?" అన్నది.

"ఆకలేస్తోంది. కులం తినలేను కదా" అన్నాను.

జొన్నరొట్టె చేసింది. మా వైపు మూడు పూటలా అన్నమే. రొట్టె అంటే ఏకాదశి నాటి మాట. ఇక్కడ పిండిని రెండు అరచేతుల మధ్య తట్టి తట్టి, పళ్ళెమంత పెద్దది చేసి పెనం మీద వేస్తారు. పచ్చిమిరపకాయల తొక్కుతో తింటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకోటి అడిగి మరీ తిన్నాను.

తింటూ ఉండగా గోడకు చేరేసిన కుమ్మరి సారె, అదే కుండలు చేసే చక్రం, కనబడింది. దాని మీద పాత చీర కప్పి ఉంది. ఎందుకు కప్పారని అడిగాను. ఆ మాటతో సంగమ్మ ముఖం మారిపోయింది.

విషయం ఇదీ. కుమ్మరి కులంలో ఆడది సారె ముట్టకూడదు. ముడితే అరిష్టమట. మగవాడు సారె మీద మూతీ మెడా తీసి, కింద మందంగా, అడుగు లేకుండా వదిలేస్తాడు. తరువాత ఆడది లోపల ఒక చేత్తో రాయి పట్టుకుని, బయట ఇంకో చేత్తో చెక్కతో కొడుతూ కొడుతూ కడుపు పెంచి అడుగు మూస్తుంది. కుండలో ముప్పాతిక వంతు ఆడదాని పనే అన్నమాట. అయినా సారె లేకపోతే పని మొదలే కాదు. భర్త పోయాక సంగమ్మ పని ఆగిపోయింది. పెరట్లో ఉన్నవి ఆయన చేతి చివరి కుండలు. మరిది మొగులయ్య సారె తనకిమ్మంటున్నాడు. సారెతో పాటు ఊరి పెళ్ళిళ్ళకూ చావులకూ కుండలిచ్చే హక్కు కూడా అతనికి పోతుంది. పై ఆదివారం కులపెద్దలు కూర్చుని ఆ మాట ఖాయం చేస్తారు.

"నన్ను రోడ్డు పనికి పొమ్మంటుండ్రు, కంకర మోయనీకె" అన్నది సంగమ్మ. "మూతి ఆయనది, కడుపు నాది. ఇరవై ఏండ్లు కొట్టిన. గిప్పుడు నాకు కుండ చేసుడు రాదంటుండ్రు."

నేను ఎక్కడికి పోతున్నానో చెప్పాను. పడీ పడీ నవ్వింది. "కుండలు సూడనీకె గింత దూరమొచ్చినవా? నీకేం పనిలేదా?"

"వేల ఏళ్ళ నాటివి సంగమ్మా. రాజులు లేనప్పటివి."

"రాజులు లేకుంటేంది, బువ్వ వండుకోవాలె గద."

పదిహేనేళ్ళుగా నేను చెప్పలేకపోయిన పాఠం ఆమె ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆ ఉత్సాహంలో "సారె కూడా లేనప్పటివి ఉంటాయేమో" అన్నాను.

నవ్వు ఆపేసింది. "సారె లేకుంట కుండ ఎట్లయితది? కడుపంటె నేను కొడ్త. మూతి ఎవ్వరు తీస్తరు?"

నాకు తెలియదన్నాను. పొద్దున బస్సు బాగై హారను కొట్టేసరికి, పిల్లల్ని పక్కింట్లో వదిలి, రొట్టెల మూట చంకన పెట్టుకుని, సంగమ్మ నాకంటే ముందు ఎక్కి కూర్చుంది.

సంగారెడ్డి బజారు

సంగారెడ్డిలో దిగాక పల్లెకు పోయే బండి కోసం బజారులో కూర్చున్నాం. ఇరానీ హోటల్లో చాయ్ తెప్పించాను. మా వైపు ఇద్దరు ఆడవాళ్ళు హోటల్లో కూర్చుంటే ఊరంతా చెప్పుకుంటుంది. ఇక్కడా తలలు తిప్పారు. మేం తిప్పలేదు. సంగమ్మ చాయ్ సాసర్లో పోసుకుని, కప్పును వెలుతురుకు ఎత్తి చూసి "గిది సారె మీద చెయ్యలే, అచ్చుల పోసిండ్రు" అన్నది. హోటలతను అవునో కాదో తెలియక ఇంకో చాయ్ తెచ్చాడు.

ఎడ్లబండి మధ్యాహ్నానికి దొరికింది. దారి పొడుగునా నల్ల రేగడి, జొన్న చేలు, మధ్య మధ్య పెద్ద బండలు గుండ్రంగా పాతిన చోట్లు. బండివాడు వాటిని రాకాసి గుళ్ళు అన్నాడు. ఎవరు పాతారని అడిగితే "మనుషులైతె కాదు, గింత గింత బండలు మనుషులు లేపుతరా?" అన్నాడు.

"మేం లేపుతం. నలుగురుంటె లేపొచ్చు" అన్నది సంగమ్మ. ఆమెకు అప్పటికే కోపం వచ్చేసింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు.

రేకుల కొట్టం

మ్యూజియం అంటే పెద్ద మేడ అనుకుంటారేమో, కాదు. తవ్విన దిబ్బల పక్కన రేకుల కొట్టం. లోపల అద్దాల బీరువాలు. కాపలాదారు కరీం సాబ్. తెల్లగడ్డం, ఖాకీ కోటు. "అజాయబ్ ఘర్ చూడనీకె వారానికి ఒక్కరొస్తె ఎక్కువ. ఇద్దరొచ్చిండ్రు, అచ్ఛా" అని సంబరపడిపోయాడు.

నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్ళు, నూరుడు రాళ్ళు, పూసలు, ఇనుప బాణపు మొనలు అన్నీ ఉన్నాయి. రాతి గొడ్డలిని చూపించి, వీటిని పల్లెల్లో పిడుగు రాళ్ళని దాచుకుంటారని, పశువులకు రోగమొస్తే ఆ రాయి కడిగిన నీళ్ళు తాగిస్తారని కరీం సాబ్ చెప్పాడు. ప్రతి వస్తువు కిందా చీటీ ఉంది. ప్రతి చీటీలోనూ అనాగరిక దశ అన్న మాట ఉంది. పాఠ్యపుస్తకం ఇక్కడికి కూడా నాకంటే ముందే వచ్చేసిందన్నమాట.

సంగమ్మ ఒక బీరువా ముందు ఆగిపోయింది. అందులో పుట్టగొడుగు ఆకారంలో, పిడి ఉన్న చిన్న మట్టి వస్తువు ఒకటి ఉంది. "ఏం రాసిండ్రు?" అని అడిగింది.

చదివాను. "వానదేవత ప్రతిమ. పూజలో వాడినది."

"దేవతా?" అని సంగమ్మ కొట్టం అదిరేలా నవ్వింది. "గిది కుండ లోపల పట్టేటిది. నాది రాయి, గిది మట్టిది, గంతే తేడ. గిట్లాంటి దానితోనే మా అత్త నా ఈపు మీద ఒక్కటిచ్చింది, పని నేర్సుకునేటప్పుడు." ఎడమ అరచెయ్యి చాపి, మధ్యలో కాయకాసిన చోటు చూపింది. పిడి ఆనే చోటది.

కరీం సాబ్ నవ్వలేదు. "నాకు గూడ శక్ ఉండె, అనుమానం. దీన్ని తవ్వి తీసింది నేనే. కూలికొచ్చిన అప్పుడు. పెద్ద సాబ్‌కు చెప్పిన, గిది కుమ్మరోళ్ళ సామాన్ లెక్కున్నదని. నువ్వు తవ్వేటోనివి, తవ్వు, అన్నడు" అన్నాడు.

ఆ పక్కనే నల్లటి కుండ. కింద చీటీలో, సారె మీద చేసినదని ఉంది. సంగమ్మ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "సారె మీద కాదనిపిస్తున్నది. లోపల చెయ్యి పెట్టి సూడాలె" అన్నది.

"చెయ్యి పెట్టనీకె హుకుం లేదమ్మా. నా నౌకరీ పోతది" అన్నాడు కరీం సాబ్.

సంగమ్మ బతిమాలలేదు. "నా పని గూడ పోతున్నది సాబ్. వచ్చే ఆదివారం" అని, సారె సంగతీ పంచాయితీ సంగతీ చెప్పింది. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. తరువాత తాళంచెవి తీసి స్టూలు మీద పెట్టి, "నేను బయట బీడీ తాగొస్త. రెండు తాగుత" అని వెళ్ళిపోయాడు.

తాళం నేనే తీశాను. దొంగతనంగా చేసిన పని అని ఎవరైనా అంటే అననివ్వండి. అంతకంటే మంచి పని ఈ పదిహేనేళ్ళలో నేను చేసినట్టు గుర్తులేదు.

సంగమ్మ కళ్ళు మూసుకుని, కుండలో మెల్లగా చెయ్యి దించింది. "గీతలు లెవ్వు" అన్నది. సారె మీద లేచిన మట్టికి లోపల గుండ్రంగా గీతలు పడతాయట. "రాయి గుద్దులున్నయి. కడుపు కొట్టిందే. మెడ కాడ... ఆగు." వేళ్ళు అక్కడే తిరిగాయి. "తాడు! మట్టిని తాడు లెక్క చేసి సుట్టిండ్రు పంతులమ్మా. దాని మీద ఇంకోటి. ఏలుతోని నొక్కుకుంట అతికిచ్చిండ్రు. నా ఏలు ఆ గుంతల్ల సక్కగ కూసుంటున్నది. ఆడిదాని ఏలే."

ఆడదాని వేలో, బక్క మగవాడి వేలో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కాని మెడ సారె లేకుండా లేచిందన్నది నిజం. నేను కూడా వేలు పెట్టి చూశాను. గుంత తరువాత గుంత, ఎవరో ఇప్పుడే నొక్కి వెళ్ళినట్టు తగిలాయి. నాకు ఏడుపొచ్చింది. సంగమ్మకు రాలేదు. ఆమెకు కోపమే వచ్చింది. "గిన్ని రోజులు గీ ముచ్చట నాకెవ్వరు చెప్పకపోయిరి" అన్నది.

కుండను మళ్ళీ లోపల పెట్టి తాళం వేశాక, వచ్చినవాళ్ళు అభిప్రాయాలు రాసే పుస్తకం అడిగాను. దేవత అని రాసిన వస్తువు కుమ్మరి పనిముట్టనీ, కుండ సారె మీద చేసినది కాదనీ, ఈ రెండూ చెప్పింది ఇస్నాపూర్ కుమ్మరి సంగమ్మ అనీ రాశాను. కింద ఆమె వేలిముద్ర వేసింది. సిరా ఎక్కువై పక్క పేజీకి కూడా అంటుకుంది.

"గీ బుక్కు పెద్ద సాబ్ చదువుతడు" అన్నాడు కరీం సాబ్.

"చదవాలనే రాశాం. తాళం సంగతి రాయలేదు, భయపడకండి" అన్నాను. పల్లె పేరు ఎక్కడా ఎత్తనని ఆయనకు మాటిచ్చాను.

మళ్ళీ ఇస్నాపూర్‌లో

నా లెక్క ప్రకారం మర్నాడు గోల్కొండకు పోవాలి. పోలేదు. సంగమ్మ ఇంట్లోనే పంచాయితీ దాకా ఉండిపోయాను.

మొదటి రోజు ఆమె పాత కుండ ఒకటి బోర్లించి, బూడిద చల్లి, దాని మీద మట్టి పరిచి అడుగు చేసింది. ఆరాక తీసి, మట్టి తాళ్ళు పేని చుట్టడం మొదలుపెట్టింది. మొదటి మెడ వాలిపోయింది. రెండోది నిలబడి, నేను మెచ్చుకోగానే వాలిపోయింది. మూడోసారి మట్టిలో సన్న ఇసుక కలిపింది. నిలబడింది. పైన తడిగుడ్డ తిప్పి అంచు నున్నగా చేసింది. తరువాత రాయీ చెక్కా పట్టుకుందంటే ఆమెకు ఎదురులేదు. కొడుతుంటే వాకిట్లోకి జనం వచ్చి చూశారు. నేనూ ఒకటి చేశాను. కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి పనికొస్తుందని వాళ్ళ చిన్నమ్మాయి ఓదార్చింది.

కుండలు ఎండాక కొత్త చిక్కు వచ్చింది. ఆవంలో పెట్టి కాల్చుకోవాలంటే, ఆవం అన్నదమ్ములిద్దరిదీ. మొగులయ్య వచ్చి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"సారె మీద చేసినయే గీ ఆవంల కాలుస్తరు. గివి కుండలు గావు" అన్నాడు.

"కుండలు గాకుంటె నీకు భయమెందుకు?" అన్నది సంగమ్మ. పెరట్లో గొయ్యి తవ్వింది. కుండల చుట్టూ పిడకలూ, పైన జొన్నదంటూ పేర్చి తానే నిప్పు పెట్టింది. తొమ్మిది పెట్టింది. నాలుగు టపటపా పగిలాయి. ఒక్కోటి పగిలినప్పుడల్లా పెద్దమ్మాయి తల్లి ముఖం చూసింది, నేనూ చూశాను. ఆమె దంటు సర్దుతూ ఉంది. అయిదు నిలిచాయి. నల్లగా, అక్కడక్కడా ఎర్రమచ్చలతో ఉన్నాయి. అందంగా ఉన్నాయని చెప్పను. నీళ్ళు పోసి చూస్తే ఒక్క బొట్టు కారలేదు.

పంచాయితీ

ఆదివారం పొద్దున గ్రామచావడి ముందు గొంగళ్ళు పరిచారు. పటాన్‌చెరు నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ ఆరుగురు కులపెద్దలు వచ్చారు. అందరికంటే పెద్ద పెంటయ్య. ఎనభై ఏళ్ళ మనిషి, చేతులు మాత్రం కుర్రవాడివి. నన్ను ఎవరని అడిగారు. సంగమ్మ చుట్టమన్నది. గుడివాడలో కుమ్మరులెవరని ఇంకెవరూ అడగలేదు, నా అదృష్టం.

మొగులయ్య తన మాట చెప్పుకున్నాడు. సారె తనకివ్వాలి, ఊరి హక్కు తనకు రావాలి, మగదిక్కు లేని ఇంట్లో కుండ పుట్టదు, ఇదీ అతని వాదం. సంగమ్మ ఒక కుండ తెచ్చి పెంటయ్య ముందు పెట్టింది.

"ఎవ్వరు చేసిండ్రు?" అన్నాడు పెంటయ్య.

"నేనే చేసిన పెద్దయ్యా. సారె ముట్టలే."

"అబద్ధం!" అన్నాడు మొగులయ్య. "ఎవ్వరు లేనప్పుడు తిప్పి ఉంటది. సారె లేకుంట మెడ లేస్తదా? ఊరికి కీడు దెచ్చింది."

ఇదే జరిగితే ఏమవుతుందో నాకు సంగమ్మ ముందే చెప్పింది. సారె ముట్టిందని తేలితే కులంలోంచి వెలివేస్తారు. హక్కే కాదు, రేపు పిల్లల పెళ్ళిళ్ళు కూడా ఉండవు.

పెంటయ్య కుండను ఒళ్ళోకి తీసుకున్నాడు. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టాడు. గీతల కోసం వెతుకుతున్నాడని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. అడుగు నుంచి పైకి, మళ్ళీ కిందికి. మెడ దగ్గర ఆగాడు. ఆయన వేళ్ళు లోపల ఒక చుట్టు తిరిగాయి. మళ్ళీ ఇంకో చుట్టు తిరిగాయి. చెయ్యి తీసి, వేలి కణుపుతో కుండను కొట్టి విన్నాడు.

"సారె లేదు" అన్నాడు.

"లేకుంటె మాత్రం?" మొగులయ్య లేచి నిలబడ్డాడు. "ఆడది కుండలు చేసుడేంది? ఇగ మొగోళ్ళెందుకు?"

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడది సారె ముట్టకూడదని కట్టుబాటు ఉంది. సారె లేకుండా కుండ చేయకూడదని ఎవరూ ఎప్పుడూ అనలేదు, అనవలసిన అవసరం రాలేదు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన మబ్బుల వైపు చూశాడు. చివరికి పెంటయ్యే అన్నాడు. "గిది జెర ఆలోచన చెయ్యాలె. మల్ల ఆదివారం కూసుందాం. అప్పటిదాంక సంగమ్మ ఏం చెయ్యొద్దు."

పంచాయితీలో పెద్దలు లేవకముందు ఎవరూ లేవకూడదట. నాకది తరువాత చెప్పారు. సంగమ్మకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఆమె లేచింది. చెంగు నడుముకు దోపుకుంది.

"మీరు కూసోండ్రి పెద్దయ్యా, ఎన్ని ఆదివారాలైన కూసోండ్రి. దీపావళి వస్తున్నది, నాకు ప్రమిదలు చేసే పనున్నది" అని రెండు చేతులూ చాపింది. "ఆ కుండ గిటు ఇయ్యిండ్రి. సంగారెడ్డి అంగడికి కొంచవోవాలె."

మొగులయ్య పెంటయ్య వైపు చూశాడు. పెంటయ్య ఒళ్ళో కుండ వైపు చూశాడు. అంచు చుట్టూ ఒకసారి బొటనవేలు తిప్పాడు. మట్టి గట్టిదనం చూస్తున్నాడో, మాట వెతుక్కుంటున్నాడో తెలియలేదు. తరువాత కుండను ఎత్తి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.